కౌలు వదిలేస్తే కౌలుదారు మొహం చాటేస్తున్నాడు: దయను ఎదుటివారు ఎలా చూస్తారు?

ప్రశ్న (రాజోలు రైతు):
2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, గోదావరి లంకలో నేను కౌలుకిచ్చిన అరటి తోట రోజుల తరబడి నీటిలో నాని, గెలలు కోతకు రాకముందే మొదలంటా కుళ్లిపోయింది. ఆ ఏడాది కౌలు ఇవ్వనక్కర్లేదని పదిమందిలో చెప్పాను. పంచాయతీ ఎన్నికలకు పునాది వేసుకుంటున్నానని కొందరు, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు ఇక అందరూ నన్నే మినహాయింపులు అడుగుతారని మరికొందరు అన్నారు. ఆ మాటలు సరే గాని, మేలు పొందిన కౌలుదారే నన్ను చూసి గట్టు దిగి పక్కదారిన పోతున్నాడు. నేను దయ అనుకున్నది ఒకరికి స్వార్థంగా, ఒకరికి చేతగానితనంగా, పుచ్చుకున్నవాడికి బరువుగా ఎందుకు కనిపిస్తుంది?

జవాబు (లంకల గన్నవరం నుంచి):
మా ఊరి డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళకాని వేళ వచ్చినవారికి కూడా వండి వడ్డించేవారు. 1903లో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆహ్వానం వచ్చినా ఆమె వెళ్లలేదని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆమె ఇంట తిన్న బాటసారులు ఆకు తీసి, చేయి కడుక్కుని, రేవు దాటి తమ దారిన పోయేవారు. వారిలో చాలామందికి మళ్లీ ఆమె ఎదుట నిలబడే అవసరం రాలేదు. మీ కౌలుదారు మాత్రం రోజూ అదే గట్టు మీద మీకు ఎదురుపడాలి, పైగా వచ్చే ఏడాది అదే భూమి కోసం మిమ్మల్నే అడగాలి. ఇచ్చినవారు పక్కనే ఉంటే పుచ్చుకున్నది రోజూ గుర్తుకొస్తుంది.

జవాబు (ధవళేశ్వరం నుంచి):
ఎన్నికల మాటకు మీరు అంతగా నొచ్చుకోనక్కర్లేదు. గోదావరికి ఆనకట్ట కడితే శిస్తు ఆదాయం పెరుగుతుందని లెక్కలు చూపి కాటన్ దొర ఈస్టిండియా కుంపెనీని ఒప్పించారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఖజానా కోసం కట్టినదని తెలిసినా మనవాళ్లు ఆయన విగ్రహానికి దండలు వేయడం మానలేదు. ఉద్దేశం కలగాపులగమైనంత మాత్రాన పొలానికి పారిన నీరు ఉప్పగా మారదు.

జవాబు (ముమ్మిడివరం కౌలుదారు):
పై ఇద్దరూ పెద్ద పేర్లు చెప్పారు గాని, అసలు విషయం మీ ప్రశ్నలోనే ఉందండీ. పదిమందిలో చెప్పానన్నారు, అంటే అతడు కౌలు చెల్లించలేని స్థితిలో ఉన్నాడని ఊరంతటికీ మీరే తెలియజేశారు. అతడిని ఇంటికి పిలిచి, ఎంత ఇవ్వగలవని అడిగి, సగమో పావో పుచ్చుకుని ఉంటే, మిగిలినది వదిలేసినా తల ఎత్తుకుని తిరిగేవాడు. మరొకటి కూడా అడగాలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద మాకు సాగు హక్కు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. అది లేకపోతే పంటనష్టం సొమ్ము మా చేతికి రావడం కష్టం, యజమాని ఖాతాలో పడడమూ కద్దు. కౌలు వదిలేయడం దయ అని మీరు అనుకుంటున్నారు, కాదనను. ఇంతకీ ఆ సంతకం పెట్టారా?