1966 మహీంద్రా సీజే-3బీ జీపు: 45 దాటితే స్టీరింగ్ కొట్టుకుంటోంది, నకిల్స్ నుంచి ఆయిల్ కారుతోంది. ముందు ఏది విప్పాలి?

పాతజీపు_నల్గొండ:
బండి పెట్రోల్ హరికేన్ ఇంజన్‌ది. ఇంజన్, గేర్‌బాక్స్ పని అయిపోయింది, ఇక మిగిలింది ముందు యాక్సిల్. గంటకు 45 కి.మీ. దగ్గర చిన్న గుంటలో పడితే చాలు, స్టీరింగ్ అటూ ఇటూ గట్టిగా కొట్టుకుంటుంది. వేగం 15కు దించితే గానీ ఆగదు. చక్రాలు కదలకుండానే స్టీరింగ్ అంచు దాదాపు 4 అంగుళాలు తిరుగుతోంది. రెండు వైపులా నకిల్ (యాక్సిల్ చివర చక్రాన్ని అటూ ఇటూ తిప్పే భాగం) గుండు మీద నుంచి నల్లటి ఆయిల్ కారి టైరు లోపలి గోడ తడుస్తోంది. టైర్లు కొత్తవి, 6.00-16, బ్యాలెన్సింగ్ చేయించాను. మెకానిక్ స్టీరింగ్ డ్యాంపర్ (కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్) బిగిద్దాం, లేకుంటే పవర్ స్టీరింగ్ పెట్టేద్దాం అంటున్నారు. నాకు ఒరిజినల్‌గానే ఉంచాలని ఉంది. ఏ వరసలో వెళ్లాలి?

లేత్‌పని:
డ్యాంపర్ వద్దండి. అది వణుకును నొక్కిపెడుతుందే తప్ప అరుగుదలను ఆపదు. పైన అంతా బాగానే ఉన్నట్టుంటుంది, లోపల బేరింగ్ తినేస్తూనే ఉంటుంది.

ఏదీ విప్పకముందే ఆట (వదులు) ఎక్కడుందో చూడండి. ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి ఒక చక్రం లేపండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట తెలిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోతే అది చక్రం బేరింగ్. పోకపోతే కింగ్ పిన్ బేరింగ్ (నకిల్ పైనా కిందా ఉండి అది తిరిగే బేరింగ్). తర్వాత చక్రాలు రెండూ నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మీరు కింద పడుకుని డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి దిగే చేయి), డ్రాగ్ లింక్ (దాన్ని బెల్ క్రాంక్‌కు కలిపే కడ్డీ), బెల్ క్రాంక్ (మధ్యలో పిన్ను మీద తిరిగే మీట), టై రాడ్ (అక్కడి నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీ) ఎండ్లు ఈ వరసలోనే చూసుకుంటూ రండి. ఒకటి కదిలి దాని పక్కది కదలకుండా ఆగిందంటే ఆట ఆ రెంటి మధ్యనే.

ఈ జీపుల్లో అందరూ వదిలేసేది బెల్ క్రాంక్. అది పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా ఆడుతుంది. చేత్తో ఎత్తి చూడండి. సూది బేరింగ్‌లతో పాటు పిన్ను కూడా అరిగి ఉంటుంది. పిన్ను కూర్చునే బ్రాకెట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే కొత్త పిన్ను వేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే. అప్పుడు రంధ్రం బోర్ చేయించి స్లీవ్ వేయించడం ఒక్కటే దారి.

పాతజీపు_నల్గొండ:
చూశాను. రెండు చక్రాలూ పైనా కిందా ఊగుతున్నాయి, బ్రేకు తొక్కినా ఆట పోవడం లేదు. బెల్ క్రాంక్ 3 మి.మీ. దాకా పైకి లేస్తోంది. కింగ్ పిన్ మూతల కింద షిమ్ములు (పలుచని రేకులు) తీసేసి బిగిస్తే సరిపోదా?

హరికేన్_134:
చాలా బళ్లు పాడయ్యేది అక్కడే. కింగ్ పిన్ బేరింగ్‌లు ఎప్పుడూ గుండ్రంగా తిరగవు. ఏళ్ల తరబడి నేరుగా వెళ్తూ ఒకేచోట దెబ్బలు తింటాయి కాబట్టి కప్పులో (బేరింగ్ బయటి రింగులో) రోలర్ల గుర్తులు గాట్లుగా పడతాయి. గాట్లు పడ్డ కప్పు మీద షిమ్ము తీసి బిగిస్తే నేరుగా ఉన్నప్పుడు స్టీరింగ్ గాటులో కూర్చుంటుంది, మలుపు తర్వాత తనంతట తాను తిరిగి రాదు. అందుకని కోన్లు (రోలర్లున్న లోపలి భాగాలు), కప్పులు నాలుగూ సెట్టుగా మార్చండి. కోన్లు ఒక్కటే మార్చడం డబ్బు దండగ.

కొత్తవి వేశాక నకిల్ పైనా కిందా షిమ్ములు వీలైనంత సమానంగా ఉంచండి. ఒకవైపే తీస్తే నకిల్ పైకో కిందికో జరిగి హాఫ్ షాఫ్ట్ జాయింట్ మధ్యకు రాదు. బిగువు చూసేటప్పుడు టై రాడ్ ఊడదీసి, ఫెల్ట్ సీలు లేకుండా, నకిల్ ఆర్మ్ చివరి రంధ్రంలో కొక్కెం కాటా తగిలించి లాగండి. 4 నుంచి 6 పౌన్లకు, అంటే సుమారు 1.8 నుంచి 2.7 కిలోలకు కదలాలి. వేలితోనే ఊగిపోతుంటే వణుకు మళ్లీ వస్తుంది. సీలు వేశాక చూస్తే సీలు పట్టు కూడా కలిసి అంకె తప్పుతుంది.

ఆయిల్ సంగతి. బయట కనిపించే ఫెల్ట్ సీలు మార్చి చేతులు దులుపుకోకండి. ఆయిల్ డిఫరెన్షియల్‌ది. యాక్సిల్ గొట్టం చివర లోపలి సీలు పోయి నకిల్‌లోకి వస్తోంది. నకిల్ విప్పినప్పుడే ఆ సీలూ మార్చండి. షాఫ్ట్ తిరిగి తోసేటప్పుడు బరువు సీలు మీద ఆననివ్వొద్దు, షాఫ్ట్ మీది స్ప్లైన్ పళ్లు సీలు పెదవిని కోసేస్తాయి. డిఫరెన్షియల్ బ్రీదర్‌లో (గాలి బయటకు పోయే రంధ్రంలో) మట్టి నిండి ఉంటే వేడెక్కిన గాలి కొత్త సీలునూ నెట్టేస్తుంది, అది ముందు ఊది చూడండి. గుండు మీద తుప్పు గుంటలుంటే సన్న ఎమరీతో నునుపు చేశాకే ఫెల్ట్ వేయండి.

లేత్‌పని:
చక్రం బేరింగ్ నట్టు: చక్రం బిగుసుకునే దాకా బిగించి, ఆరో వంతు మలుపు వెనక్కి వదిలి, వాషర్ చెవి మడవండి. డ్రాగ్ లింక్ చివరి ప్లగ్ పూర్తిగా బిగించి అర మలుపు నుంచి ఒక మలుపు వరకు వదిలి, చీలిక పిన్ను వేయండి. లోపలి స్ప్రింగ్ విరిగి ఉంటే ఎంత బిగించినా ఆట పోదు.

స్టీరింగ్ బాక్స్ అన్నింటికన్నా ఆఖర్న. డ్రాగ్ లింక్ విడదీసి, స్టీరింగ్ చక్రాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి, పక్క మూత మీది స్క్రూ మధ్యలో కొద్దిగా పట్టు తెలిసే వరకే తిప్పండి. కామ్ (బాక్స్ లోపల గాడి ఉన్న మర) ఎక్కువ అరిగేది మధ్యలోనే. చివర్లో పెట్టి బిగిస్తే మధ్యలో బిగిసిపోతుంది. ఆయిల్ కారుతోందని బాక్స్ నిండా గ్రీజు కూరడం మన షెడ్లలో మామూలే. గ్రీజు ఒకసారి పక్కకు జరిగితే తిరిగి రాదు, కామ్ గాడిలో నడిచే పెగ్ పొడిగా అరుగుతుంది. సీలు మార్చి గేర్ ఆయిలే పోయండి.

చివర్న టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే తేడా) 1.2 నుంచి 2.4 మి.మీ., కాస్టర్ (కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు. కమాను కట్టలు ఎప్పుడో మార్చి ఉంటే యాక్సిల్ ప్యాడ్ దగ్గర వాలు ముక్కలు మాయమై ఉండొచ్చు. కాస్టర్ తగ్గితే బండి తిన్నగా నిలవదు.

మెట్టదారి:
పవర్ స్టీరింగ్ గురించి ఇంకో కోణం. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండి కావాలి. మీది వయసులో సరిపోతుంది. పవర్ స్టీరింగ్ కోసం ఛాసిస్ కోసి వెల్డింగ్ చేస్తే అక్కడ చిక్కు. కొత్త రిజిస్ట్రేషన్‌కు నిబంధనల్లో పెట్టిన రుసుము 20,000 రూపాయలు. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఆ కోవలోకి వెళ్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల వరకే. పొలానికో ఆఫీసుకో వాడే ఆలోచన ఉంటే తొందరపడకండి.

హరికేన్_134:
చక్రాలు విప్పే ముందు ఇది చదవండి: ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మరవి, అంటే కుడివైపు తిప్పితే వదులవుతాయి. మామూలు నట్టు అనుకుని పైపు తగిలించి వదులు చేయబోతే ఇంకా బిగుసుకుని స్టడ్డు తెగుతుంది. ఎవరైనా హబ్ మార్చి ఉండొచ్చు కాబట్టి స్టడ్డు చివర మర ఎటు తిరిగిందో చూసి పానా వేయండి.