బాడిసకు బెత్తెడు, చిత్రికకు చి...?

నాలుగు ఆదివారాలుగా ఒక ముక్కాలిపీట చేస్తున్నాను. వేపచెక్క. మేకులు లేవు, కాళ్ల కొసలు సన్నంగా చెక్కి, అంటే కుసి తీసి, బెజ్జాల్లో బిగించడమే. నిన్న చిత్రిక పడుతుంటే, అంటే చెక్కను నునుపు చేస్తుంటే, మా తాతగారి మాట సగం గుర్తొచ్చింది (బాడిస చెక్కను మోటుగా చెక్కే పనిముట్టు): "బాడిసకు బెత్తెడు, చిత్రికకు చి..." చిటికెడా, చిట్టెడా? రాత్రంతా అదే ఆలోచన. మీకు తెలిస్తే చెప్పండి.

— చిట్టెడే. బెత్తెడు భగణం (ఒక గురువు, రెండు లఘువులు), చిట్టెడు కూడా భగణం. చిటికెడు అన్నారంటే నాలుగూ లఘువులే, నడక జారిపోతుంది.

— మాత్రలు లెక్కపెట్టండి సార్, రెండూ నాలుగే. నోటి మాటకు గణాలెందుకు? బా, బె యతి కూడా కాదు, హల్లు మోత మాత్రమే. అర్థం చూడండి. బెత్తెడు నాలుగు వేళ్ల వెడల్పు. చిట్టి గింజలు కొలిచేది. రెండూ ఒక వాక్యంలో ఎలా కుదురుతాయి?

— చిటికెడు మాత్రం పొడవా? అదీ రెండు వేళ్లకు అందినంతే కదా.

— మాది వడ్రంగం ఇల్లు, అందుకని చెబుతున్నా. చిత్రిక పొట్టు చుట్టలు చుట్టుకుని లేస్తుంది. విప్పి చూస్తే బెత్తెడు కంటే పొడుగే. కాబట్టి ఇక్కడ లెక్క పొడవుది కాదు, చెక్కలోంచి పోయిన మందానిది. బాడిస పెచ్చులు లేపుతుంది, చిత్రిక పొర తీస్తుంది. చిటికెడే. చెక్క పీచు ఎటు నడుస్తుందో ఆ వాటం చూసుకుని పట్టండి, ఎదురు పడితే పీచు లేస్తుంది.

— మా కరీంనగర్ దిక్కు రంద అంటరు. చిత్రిక అనే మాట నేను పుస్తకాల్లోనే చూసిన.

— చిత్రిక మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. సమీక్షల్లో "పల్లె బతుకును చిత్రిక పట్టారు" అని రాస్తున్నారు, చిత్రించారు అనే అర్థంలో. చిత్రిక పట్టడమంటే నునుపు చేయడం కదా! గరుకు బతుకును గరుకుగా చూపిన కథకు ఆ మాట వాడితే నాకు బాధగా ఉంటుంది.

— వాడుక మారింది మేడం, ఒప్పుకోవాలి.

— నేను ఒప్పుకోను. పనిముట్టు తెలిసినవాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ అర్థం బతికే ఉంటుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది ఇలాంటి మాటలు పోకూడదనే.

— పనిముట్లంటే వేమనే. "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు కాచి యతుకవచ్చు క్రమముగాను." ఇనుము కాచడం దగ్గర నిలబడి చూసినవాడి పద్యం.

— "యతుకనేర్చు కమ్మరీడు" కదండీ?

— రెండు పాఠాలూ ఉన్నాయి. నాకు కమ్మరీడే ఇష్టం. "క్రమముగాను" అంటే మనిషి మాయమైపోతాడు. కమ్మరి నిలబడి ఉంటేనే తర్వాత వచ్చే విరిగిన మనసుకు బరువు.

— అదే పద్యంలో "నేర్చు" రెండుసార్లు వస్తుంది మరి, అతుకనేర్చు, అంటనేర్చునా. వేమన అలా రాస్తాడా?

— కావాలనే రాస్తాడు! కమ్మరికి వచ్చిన విద్య మనసుకు రాదు. పద్యం బలమంతా ఆ ఎదురులోనే ఉంది.

అందరికీ ధన్యవాదాలు. రెండు కుసులు బిగిశాయి, మూడోది కొంచెం వదులుగా ఉంది. ఇందాక మా మేనత్తకు ఫోన్ చేశాను. మా ఊళ్లో చిత్రిక అనేవారే కాదట, తాతగారు ఎప్పుడూ తోపడ అనే అనేవారట. మరి నా చెవిలో ఈ "చి" ఎక్కణ్ణుంచి వచ్చింది?