సమస్య: నీటిపైన నిప్పు నిలిపినారు

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం ఇది:
నీటిపైన నిప్పు నిలిపినారు
కడలిలో మండే బడబాగ్ని వద్దు, కార్తీకదీపాలూ వద్దు. ఆ రెండు దారులూ అరిగిపోయాయి. అమెరికాలోని మిన్నెసోటాలో చెఱువులు గడ్డకట్టే కాలం, ఇంటిల్లిపాదీ మంచు మీద ఆటవిడుపు, అదీ రంగం. పై మూడు పాదాలూ రాసి పూరించండి.

గుండ్లకమ్మ:
ఆ.వె.
చెఱువు గడ్డకట్ట చిన్నలు పెద్దలు
చేరి తూటు పొడిచి చేప కొఱకు
చలిని గాచుకొనఁగ సందడి మీఱంగ
నీటిపైన నిప్పు నిలిపినారు

గణయతి:
గుండ్లకమ్మ గారూ, ధార బాగుంది. మూడో పాదంలో చ–స యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చక్కగా కుదిరింది. కాకపోతే ఈ చెఱువు ఎక్కడిదైనా కావచ్చు. అక్కడి మిల్ లాక్స్ అనే పెద్ద చెఱువు మీద శీతకాలంలో చేపలు పట్టే గుడిసెలు వేలాదిగా వెలుస్తాయి, వాటి మధ్య దారులు వేస్తారు, జనం కార్లలోనే గుడిసె దాకా వెళ్తారు. ఆ ఊరు ఊరంతా పద్యంలో కనిపించాలి కదా!

చలిపులి:
ఆ.వె.
ఇల్లు మంచుమీద కట్టిన పిమ్మట
పిల్లలాడుచుండ బిలము చుట్టు
పెద్దలెల్లఁ జేరి పిడకలు రాజేసి
నీటిపైన నిప్పు నిలిపినారు

గణయతి:
మొదటి పాదంలో యతి తప్పింది. ‘ఇ’కి ‘క’ ఎలా సరిపోతుంది? "ఇల్లు మంచుమీఁద నింపుగా నిలిపియు" అంటే సరి. ఇక పిడకలు! మిన్నెసోటాలో పిడకలు ఎవరు చరుస్తారండీ? అక్కడ కాల్చేది బర్చ్ అనే చెట్టు కట్టె, లేదంటే ప్రొపేన్ గ్యాసు. మూడో పాదం ఇలా మార్చి చూడండి:
బిర్చి కట్టె దెచ్చి పెద్దలు రాజేసి
పద్యం కోసం ‘బర్చ్’ని ‘బిర్చి’ చేశాను, బి–పె యతి కుదరాలి కాబట్టి. బిలం చుట్టూ పిల్లలంటే చదివేవాళ్ళు బెంబేలెత్తుతారు గానీ, చేపల కోసం మరతో తొలిచే రంధ్రం మామూలుగా 8, 10 అంగుళాల వెడల్పే ఉంటుంది. కాలు పడకుండా చూసుకుంటే చాలు, పసివాళ్ళను మాత్రం దగ్గరుండి కనిపెట్టాలి.

చలిపులి:
చిత్తం. పిడకలు మా ఊరి అలవాటు, వదల్లేకపోయాను.

పెన్నేరు:
ఆ.వె.
తాత పాలు గాఁచె తండ్రి గాలము వేసె
జాఱుబండి లాగె జనని నగుచు
మంచుమీఁది గూట మరమరాల్ వేఁచంగ
నీటిపైన నిప్పు నిలిపినారు

గుండ్లకమ్మ:
ఆహా! మరమరాలతో మనవాళ్ళు వచ్చేశారు. తాత, తండ్రి, తల్లి, ముగ్గురికీ తలా ఒక పని. జాఱుబండి మీద పాప ఉందని చెప్పకపోయినా తెలుస్తోంది.

గణయతి:
ఒక్క చిక్కుంది. నిప్పు పెట్టింది గడ్డ మీద. ‘నీటిపైన’ అన్నదానికి సమాధానమేదీ? గడ్డ ఎందుకు కరగలేదని గడుసు పాఠకుడు అడుగుతాడు.

కృష్ణాతీరం:
చెప్పేస్తే పోలా! నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువు. అందుకే అది అడుక్కు దిగుతుంది, ఇంకా చల్లబడినది పైన ఉండిపోయి గడ్డకడుతుంది. గడ్డ తేలుతుంది, అడుగున చేపలు హాయిగా ఉంటాయి.
ఆ.వె.
బరువు నీరు దిగువ, పైపైన తేలెడి
పలక కింద చేప బతుకుచుండ
మూర మందముండ ముచ్చట తీఱంగ
నీటిపైన నిప్పు నిలిపినారు

నిర్వాహకుడు:
సమస్య వీడింది. కానీ నిలిపినది ఎవరు? కర్త లేడు. ‘ముచ్చట తీఱంగ’ బదులు ‘ముత్తాత మనుమలు’ అనండి, గణమూ యతీ చెడవు, కుటుంబమూ వస్తుంది. మూర మందం అన్నారు, అంటే దాదాపు 18 అంగుళాలు. మిన్నెసోటా సహజవనరుల శాఖ మనిషి నడవడానికి 4 అంగుళాల స్వచ్ఛమైన గడ్డ ఉండాలంటుంది. చిన్న కారుకు 9, 10 కావాలి. తెల్లటి మంచుగడ్డకైతే బలం సగమే. కాబట్టి మీ మూర ఎక్కువే, తక్కువ కాదు. గుడిసెలో కుంపటి పెట్టేవారు మాత్రం గాలి ఆడే సందు ఉంచాలి. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. ఇది విమర్శ కాదు, పద్యం చదివి ఎవరైనా తలుపు బిగించుకుంటారేమోనని భయం.

గుండ్లకమ్మ:
ఇంతకీ ఏ చేప పడింది?

పెన్నేరు:
వాలై (walleye) అనే అక్కడి మంచినీటి చేప. పులుసుకు ముక్క గట్టిగానే నిలుస్తుంది గానీ, అక్కడివాళ్ళు పిండి అద్ది వేపుతారు. నా పద్యంలో గాలం వేసిన తండ్రికి ఇంకా ఏమీ పడలేదు, అందుకే మరమరాలు.

నిర్వాహకుడు:
ఈ వారం పెన్నేరు గారిదే. కృష్ణాతీరం గారు సమస్యను విడదీశారు, నిజమే. కానీ పెన్నేరు గారు మనల్ని ఆ గూట్లో కూర్చోబెట్టారు. వచ్చే వారానికి సమస్య కూడా వారే ఇవ్వాలి.

పెన్నేరు:
అదీ ఆటవెలదే. చిన్న కారుకు 9 అంగుళాలని ఇప్పుడే విన్నాం కాబట్టి:
కొలను నడుమ కారు కొలువు దీఱె
మునిగిపోయిన కారని రాసేవారికి మార్కులు లేవు.