పాత బండికి పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టొచ్చా?

నాన్నబండి: సింగిల్ సిలిండర్, 6 వోల్టులు, ప్లాటినం పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్చు). చల్లగా ఉంటే ఒక్క కిక్కుకే అందుకుంటుంది. అరగంట నడిచాక మిస్సింగ్ మొదలై ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ మామూలే. ప్లగ్గు మార్చాను, పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ. పెట్టాను. విసుగొచ్చి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

హాఫ్‌కిక్: పెట్టేయండి. క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ వెనక్కి పోతూనే ఉంటుంది. ఎన్నాళ్ళు సరిచేసుకుంటారు? ఇదేమీ కొత్త వింత కాదు, 1969లోనే కవాసాకి హెచ్1 ఫ్యాక్టరీ నుంచి సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో వచ్చింది.

నల్లచేతులు: ఆ బండికి ఛార్జింగ్‌తో సహా అన్నీ దానికి తగ్గట్టే చేశారు. ఈయనది 6 వోల్టుల డైనమో. నిదానంగా పోతూ హెడ్‌లైటు వేస్తే బరువంతా బ్యాటరీ మీదే. వోల్టేజీ పడితే చాలా కిట్లు మొరాయిస్తాయి. పాయింట్లు ఎలాగో నెట్టుకొస్తాయి, దారిలో ఆగినా గరుకు కాగితంతో రుద్ది ఇల్లు చేరొచ్చు. ఇంతకీ మీ దోషం పాయింట్లది కాదు, పాయింట్ల మధ్య రవ్వల్ని అణిచే కండెన్సర్‌ది. ఇంజన్ తిరుగుతుండగా చూడండి, పాయింట్ల మధ్య పెద్ద నిప్పురవ్వలు ఎగురుతుంటే అదే.

ఊరికేచూస్తా: ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే ఆగుతుంది. ఆగినప్పుడు మూత తీసి కిక్కు కొట్టారా?

నాన్నబండి: కొట్టాను. తేడా లేదు. రవ్వలు కూడా పెద్దగా లేవు.

హాఫ్‌కిక్: "నెట్టుకొస్తాయి"ట! జోరు వానలో, చీకట్లో, వెనక భార్యా పిల్లాడూ తడుస్తుంటే, ఫోను నోట కరుచుకుని పాయింట్లు రుద్దినవాణ్ణి నేను. ఆ ముచ్చట మీరే ఉంచుకోండి.

నల్లచేతులు: చివరిసారి ఫైబర్ ముక్కకి చుక్క గ్రీజు ఎప్పుడు పెట్టారో చెప్పండి ముందు.

హాఫ్‌కిక్: గ్రీజు గురించి కాదు మాట్లాడుతున్నది.

నల్లచేతులు: గ్రీజు గురించే. పెట్టలేదు కాబట్టే అరిగింది.

మూడోగేరు: ఇద్దరూ నాన్నబండి గారిని వదిలేశారు 🙂

సర్క్యూట్: బండి ఆగిన క్షణంలోనే ప్లగ్గు తీసి, ఇంజన్‌కి ఆనించి స్పార్క్ చూడండి. లేకపోతే, కాయిల్ (ప్లగ్గుకి హై వోల్టేజీ ఇచ్చేది) ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ వేడి మీద ఒకసారి, చల్లారాక ఒకసారి కొలవండి. కాయిల్ పాడైతే ఒక్కోసారి లోపలి తీగ వేడికి తెగి, చల్లారగానే అతుక్కుంటుంది. పాయింట్ల చోట పెట్టే కిట్లు చాలావరకు పాత కాయిల్‌నే వాడుకుంటాయి. అది పోయి ఉంటే కిట్ పెట్టినా అక్కడే ఆగుతారు.

హాఫ్‌కిక్: కిట్‌తో పాటు కాయిల్ కూడా మార్చుకుంటారు. వాదన ఏముంది ఇందులో?

నల్లచేతులు: ఉంది. నేను కొన్న బండికి పాత యజమాని మీలాగే "అప్‌గ్రేడ్" చేశాడు. వైరింగ్ కోసేశాడు, పాయింట్ల ప్లేటుకి డ్రిల్లుతో రెండు బెజ్జాలు కొట్టాడు. కిట్ పోయాక నా దగ్గర మిగిలింది ఆ బెజ్జాలే. సరైన ప్లేటు కోసం రెండేళ్ళు తిరిగాను. ఎవరు మార్చుకున్నా నాకేం, వెనక్కి తెచ్చుకోలేకుండా చేయకండి.

హాఫ్‌కిక్: ఈ ముక్క మొదటే అనాల్సింది. నేనూ బెజ్జాలు కొట్టమనలేదు. అయినా మీరు బండిని దాచిపెట్టడానికి కొన్నారు, నేను ఆఫీసుకి వెళ్ళడానికి కొన్నాను. నాకు రోజూ స్టార్టవ్వాలి, అంతే.

నల్లచేతులు: దాచిపెట్టానని ఎవరన్నారు? నేనూ రోజూ నడుపుతాను.

నాన్నబండి: కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు 1.6 ఓమ్‌లు, ఆగిపోయాక ఓపెన్, అంటే తీగ తెగినట్టే. కాయిలే. కొత్తది వేసి రెండు గంటలు తిప్పాను, ఆగలేదు. నాన్న ఆ పాయింట్లను పోస్టుకార్డు అంచుతో శుభ్రం చేసేవారు, ప్రస్తుతానికి వాటిని ఉంచేస్తున్నా.

హాఫ్‌కిక్: వానాకాలం రానివ్వండి.

నల్లచేతులు: గ్రీజు మరిచిపోకండి.