మొల్లకు దండ వేద్దామా, పద్యం చదువుదామా?

పెన్నాతీరం: కడపలో కులం, మతం అడగని భజన మందిరం మాది. మార్చి 13న మొల్ల, తాళ్లపాక తిమ్మక్క, తరిగొండ వెంగమాంబలను తలుచుకోవాలని కమిటీ అనుకుంటాంది. ఉండేది గంటన్నర. పటాలకు దండలేసి ఉపన్యాసాలు పెట్టిద్దామా, వాళ్లు రాసిందే చదివిద్దామా?

బద్వేలు_పద్యం: చదివించండి. మొల్ల రామాయణం మొత్తం ఆ పూటకు తెగదు. కాండల్లో కిష్కింధ చిన్నది, అది పట్టుకోండి. రాగంతో కందానికి అర నిమిషం, సీసానికి కింది గీతంతో కలిపి రెండు నిమిషాలు. ఎనిమిది మంది చాలు. జిరాక్సు పెద్దక్షరాల్లో తీయండి. సంధులు విడగొట్టి అచ్చేస్తే చదవను సులువేగానీ గణం చెడి రాగం తప్పుతాది. పద్యం ఉన్నదున్నట్టు ఉంచి, ఊపిరి తీసుకునే చోట పెన్సిల్ గీత పెట్టుకుంటే సరి. తిమ్మక్క సుభద్రాకల్యాణం ద్విపద కాబట్టి ఒకరు ఒక పాదం, గుంపు రెండోది.

దేవునికడప_55: మార్చి 13 యాడిది? మొల్ల ఏ ఏడు పుట్టిందో పండితులే తేల్చలేదు. ఇంక తేదీ ఎట్లొచ్చె?

రాజంపేట82: ప్రభుత్వం జయంతి చేసే రోజన్నా. వదిలేయ్.

దేవునికడప_55: ఎట్ల వదిలేది? తండ్రి కేసన అని చెప్పుకునింది, గోపవరం శ్రీకంఠ మల్లేశుని వరంతో కవిత్వం అబ్బిందని చెప్పుకునింది. తేదీ చెప్పిందా?

బద్వేలు_పద్యం: శివుడి వరంతో రామకథ రాసిన మనిషి. మీ మందిరానికి అంతకన్నా ఏం కావాల? నువ్వు క్యాలెండరు పట్టుకుని వేలాడతాండావు.

పెన్నాతీరం: ఆఖర్న వెంగమాంబ ముత్యాల హారతి. ఐదుగురు ముత్తైదువులు పళ్లెం పడతారు. కర్పూరం ఫ్యాను గాలికి ఆరిపోతాది, నెయ్యి వత్తులు పెట్టిస్తాం.

గండి_అక్క: ముత్తైదువులా? వెంగమాంబ చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషి. జుట్టు తీయించుకోనని ఎదురు తిరిగిందని ఊరూరా చెప్పుకుంటారు. తిరుమల ఏకాంతసేవలో నేటికీ ఆమె పేరున హారతి ఉంది. కడపలో ఆమే వస్తే పళ్లెం ఇవ్వరన్నమాట.

దేవునికడప_55: ఆచారం తల్లీ. పెద్దోళ్లు నొచ్చుకుంటారు.

గండి_అక్క: తేదీకి సాక్ష్యం అడిగినారే, దీనికీ అడగండి. బానెడు పులిహోర కలిపేటప్పుడు ముత్తైదువేనా అని ఎవరూ అడగరు!

రాజంపేట82: ఉగాదికి ముస్లింలు మొక్కే దేవుని కడప ఉన్న ఊరు మనది. మందిరంలో పళ్లెం దగ్గర లెక్కలేంటికి?

దేవునికడప_55: అసలు మాట చెప్తా. ఇది తేదీ గొడవ కాదు. ఒక్కొక్కటీ తీసేసుకుంటా పోతే రేపు ఇది మందిరమా, సభా హాలా?

గండి_అక్క: తీసేయమనలేదన్నా. పళ్లెం మా చేతికీ ఇయ్యమంటాండాం.

బద్వేలు_పద్యం: చదివిన ఎనిమిది మందీ వరసగా పట్టుకోనీండి. ఎవరికి భర్త ఉన్నాడో అడగాల్సిన పని ఉండదు.

పెన్నాతీరం: ఆదివారం కమిటీ ముందు అదే పెడతా. 55 అన్నా, నువ్వూ రావాల.

దేవునికడప_55: వస్తా. కరపత్రంలో మాత్రం ‘జయంతి’ అని వేయొద్దండి.