కంపోస్టు, పెంట వేసిన నేల నుంచి వచ్చే గ్యాస్: మేలు ఎక్కువా, కీడు ఎక్కువా?

మియాపూర్ మిద్దెతోట:
మా అపార్ట్‌మెంట్ తడిచెత్తను కంపోస్టు చేసి చేవెళ్ల వైపు కూరగాయల రైతులకు ఇస్తున్నాం. ‘ఈ కంపోస్టు నేలలో కార్బన్‌ను దాచి వాతావరణాన్ని కాపాడుతుంది’ అని బోర్డు పెడదామని కమిటీలో అన్నారు. నేను ఒప్పుకోలేదు. కంపోస్టు వేసిన నేల నుంచి కూడా నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు ఎక్కువ వేడిని పెంచుతుంది. పైగా మనం వేసిన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు కొన్నేళ్లలోనే తిని గాలిలోకి వదిలేస్తాయి. మరి మేలు ఎక్కడుంది?

చేవెళ్ల రైతు:
అన్నా, యూరియా బస్తా చల్లితే రాని గ్యాస్ మా పెంటకే వస్తుందా? ఇవి ఎర్ర చెలకలు. పెంట పడని మడిలో వాన నీళ్లు జారిపోతాయి, నాలుగు రోజులు ఎండ కాస్తే టమాట మొక్క తల వాల్చేస్తుంది. ఏటా పెంట తోలిన మడిలో గుప్పెడు మట్టి పట్టుకుంటే తేడా చేతికే తెలుస్తుంది. గ్యాస్ లెక్కలు చెప్పి మమ్మల్ని మళ్లీ యూరియా వైపు నెట్టకండి.

రాజేంద్రనగర్ మట్టి మనిషి:
అందరం పెంటను ట్రాలీల్లోనే లెక్కపెడుతున్నాం. లెక్కపెట్టాల్సింది అందులో ఉన్న నత్రజనిని.

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన లెక్క చూడండి. తడి వాతావరణంలో రసాయన ఎరువు నత్రజనిలో 1.6 శాతం, సేంద్రియ ఎరువుదైతే 0.6 శాతం నేరుగా నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన దాటని ఉష్ణమండల ప్రాంతాల్లో రెండింటికీ 0.5 శాతమే. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు ఈ రెండో కోవలోకే వస్తాయి. అంటే ఈ ఒక్క లెక్కలో మన దగ్గర పెంట యూరియా కన్నా చెడ్డదీ కాదు, మంచిదీ కాదు.

ఎకరాకు వేసే 10 టన్నుల పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం అనుకుంటే 50 కిలోలు. దాని నుంచి సుమారు 390 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది, అది 107 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అదే 10 టన్నులు కోళ్ల ఎరువైతే? అందులో నత్రజని 3 శాతం వరకు ఉంటుంది కాబట్టి 300 కిలోలు పడుతుంది, గ్యాస్ ఆరు రెట్లవుతుంది. ఏ కూరగాయ పంటా అంత తీసుకోదు. మిగిలిందే అసలు సమస్య.

మట్టి రంధ్రాలు నీళ్లతో నిండి గాలి ఆడనప్పుడు సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ను (నేలలో నత్రజని ఉండే ఒక రూపం) వాడుకుని నైట్రస్ ఆక్సైడ్ వదులుతాయి. పచ్చి పెంట వాటికి తిండి కూడా అందిస్తుంది. అందుకే మేలో పచ్చి కోళ్ల ఎరువు చల్లి వదిలేస్తే, మిరుగు కార్తె వానలకు ఒక్కసారిగా గ్యాస్ లేస్తుంది. అప్పటికి ఆ నత్రజనిని తీసుకునే పంట వేరు మడిలో ఉండదు. నీళ్లు నిలిచే వరి మడిలో అయితే పచ్చి పెంట, గడ్డి కుళ్లి మీథేన్ వస్తుంది. బాగా చివికిన కంపోస్టుతో అది చాలా తక్కువ.

మియాపూర్ మిద్దెతోట:
అయినా బోర్డు వద్దనే అంటాను. నేలలో కార్బన్ కొన్నేళ్లు పెరిగి ఒక చోట ఆగిపోతుంది, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం ఎరువు వేసిన ప్రతి ఏడూ వస్తుంది. ఇంకొకటి, ఒక పొలం గడ్డి, పెంట ఇంకో పొలానికి చేరితే కార్బన్ స్థలం మారినట్టే, కొత్తగా దాచినట్టు కాదు.

రాజేంద్రనగర్ మట్టి మనిషి:
ఆ మాట నిజం. కానీ మీ తడిచెత్త సంగతి వేరు. అది జవహర్‌నగర్ లాంటి డంప్‌యార్డుకు పోతే గాలి ఆడని కుప్పలో మీథేన్ అవుతుంది. మీ మేలు అక్కడుంది, బోర్డు మీద అదే రాయండి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, ఆ మీథేన్‌నే పట్టి వాడుకోవడం దాని పని.

చేవెళ్ల రైతు:
లెక్క బాగుంది సార్. కానీ కోళ్ల ఫారం వాళ్లు షెడ్డు ఖాళీ చేసిన రోజే ట్రాలీ పంపుతారు. ఆ రోజు వద్దంటే ఇంకొకరికి పోతుంది. ఎండాకాలంలో వచ్చిన సరుకును ఏం చేయమంటారు?

రాజేంద్రనగర్ మట్టి మనిషి:
తీసుకోండి, కానీ చల్లకండి. గట్టు పక్కన కుప్ప పోసి ఎండు గడ్డి, మొక్కజొన్న చొప్ప ముక్కలు కలపండి. కళ్లు మండించే ఆ ఘాటు అమ్మోనియా, అంటే గాలిలో కలిసిపోతున్న మీ నత్రజనే. చొప్ప కలిస్తే అది తగ్గుతుంది. మధ్యమధ్య తిరగేస్తే లోపల గాలి ఆడుతుంది. వాన పడేటప్పుడు టార్పాలిన్ కప్పండి. చివికాక నాటడానికి ముందు వేసి దుక్కిలో కలిపేయండి, యూరియా ఆ మేరకు తగ్గించండి. రెండూ నిండుగా వేసే మడిలోనే నష్టం ఎక్కువ.

మియాపూర్ మిద్దెతోట:
అయితే మా కంపోస్టును ల్యాబ్‌లో పరీక్ష చేయించి, నత్రజని ఎంతో సంచి మీదే రాయమని కమిటీని అడుగుతాను. చేవెళ్ల అన్నా, ఈసారి మీకిచ్చే లోడుతోనే మొదలుపెడదామా?