“కలడో లేడో” అన్న గజేంద్రుడు భక్తుడేనా?

ప్రశ్న: మా పాపకు పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం పద్యాలు నేర్పిస్తున్నాను. “కలడు కలండనెడివాడు కలడో లేడో” దగ్గరికి రాగానే ఆగిపోయి, “అంటే ఏనుగుకి దేవుడి మీద నమ్మకం లేదా అమ్మా?” అంది. ఏం చెప్పమంటారు?

జవాబు: పాప ఆగాల్సిన చోటే ఆగిందండీ. మనం చిన్నప్పుడు బట్టీపట్టి, రాగం తీసుకుంటూ దాటిపోయాం.

కలడందురు దీనుల యెడ,
గలడందురు పరమయోగి గణములపాలం,
గలడందు రన్నిదిశలను,
గలడు గలండనెడివాడు గలడో లేడో?

మూడుసార్లూ “అందురు”. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అన్నీ ఎవరో చెప్పగా విన్నవే. మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే విన్నమాట ఎంతసేపు ఆసరా అవుతుంది? అందుకే ఆ వెంటనే వచ్చే సీసంలో వరసపెట్టి నిలదీస్తాడు. “కలుగడే నాపాలి కలిమి” అని మొదలై, “నా కడ్డపడ రాడె” (నన్ను కాపాడ్డానికి అడ్డు రాడా), “చూడడే నా పాటు” అంటూ సాగి, చివరి పాదానికి వచ్చేసరికి “వినడె? చూడడె? తలపడె? వేగ రాడె?” అని ఒక్క ఊపిరిలో నాలుగు ప్రశ్నలు.

మామూలుగా మనకు చెప్పేది ఏమిటంటే, మొదట అనుమానపడ్డాడు, తర్వాత అహం పోయి “లావొక్కింతయు లేదు” అని శరణన్నాడు, దాంతో అనుమానం తీరిపోయింది అని. పద్యాల వరస చూస్తే మాత్రం అలా లేదు. ఆ “లావొక్కింతయు” పద్యంలోనే “నీవే తప్ప నితఃపరం బెరుగ” అంటాడు, దాని తర్వాత వచ్చే పద్యం ఇది:

వినుదట జీవుల మాటలు,
చనుదట చనరాని చోట్ల, శరణార్థుల కో
యనుదట పిలిచిన, సర్వము
గనుదట, సందేహమయ్యె గరుణావార్ధీ!

శరణన్నాక కూడా సందేహం అలాగే ఉంది! మారిందల్లా ఆ సందేహం ఎవరికి చెబుతున్నాడన్నది. ముందు “కలడో లేడో” అని ఎవరి గురించో అనుకున్నట్టు అన్నాడు. మధ్యలో పోతన చిన్న వచనం పెట్టాడు, “తనయందు నీశ్వర సన్నిధానంబు గల్పించుకొని” అని, అంటే ఈశ్వరుడు తనలోనే ఉన్నట్టు భావించుకుని. అక్కణ్ణుంచి “వాడు” పోయి “నీవు” వచ్చింది. నువ్వు వింటావట, పిలిస్తే ఓ అంటావట, నాకు అనుమానంగా ఉందయ్యా అని ఆయనతోనే అంటున్నాడు. అదే పాదంలో ఆయన్ని పిలిచింది “కరుణావార్ధీ”, దయాసముద్రుడా అని. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది. కష్టంలో ఉన్నవాళ్లని “ప్రశ్నించకు, నమ్ము” అని కసిరేవాళ్లు ఈ పాదం ఒక్కసారి నెమ్మదిగా చదవాలి.

ప్రశ్న: సంస్కృత మూలంలోనూ ఈ అనుమానం ఉందాండీ?

జవాబు: లేదండీ. మూలంలో అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో గజేంద్రుడి స్తోత్రం ఉంది, చాలా గంభీరంగా సాగుతుంది. అందులో ఉన్నాడో లేడో అన్న ఊగిసలాట ఉండదు. అది పోతన కలిపింది. అంతటి భక్తుడికి ఈ ప్రశ్న పెట్టడం తప్పు అనిపించలేదు చూడండి.

పాపకి ఈ పద్యాలన్నీ వరసగా చదివించండి, మధ్యలో వచనాలు వదలకుండా. “బయలాలకించుచు” అన్న మాట వస్తుంది, ఏ చప్పుడూ లేని ఆకాశం వైపు చెవి పెట్టి వింటున్నాడని. అది కూడా చూపించండి. తర్వాతి పద్యంలో బ్రహ్మాదులు విని కూడా “అడ్డపడక” ఊరుకుంటారు, విష్ణువు మాత్రం “భక్తియుతున కడ్డపడ దలంచె”. ఇందాక సీసంలో “నా కడ్డపడ రాడె” అని అడిగాడు కదా, జవాబు కూడా ఆ మాటతోనే వచ్చింది. అంత అనుమానపడ్డవాణ్ణి పోతన “భక్తియుతుడు” అనే అన్నాడని పాపకి చెప్పండి.